మన ట్రెయిన్ చివరి స్టేషన్‌కి ఆ పేరు ఎందుకుంది?

అమెరికాలో ఒరెగాన్ రాష్ట్రపు హిల్స్‌బరోలో ఉండే మన తెలుగువాళ్ళం పోర్ట్‌లాండ్ వెళ్ళాలంటే మ్యాక్స్ బ్లూ లైన్ ట్రెయిన్ ఎక్కుతాం కదా, ఇటువైపు దాని చివరి స్టేషన్ పేరు హాట్‌ఫీల్డ్ గవర్నమెంట్ సెంటర్. ఆ హాట్‌ఫీల్డ్ ఎవరో నేనైతే చాలా ఏళ్ళు పట్టించుకోలేదు, తెలుసుకున్నాక మాత్రం ఇన్నాళ్ళూ ఎందుకు అడగలేదా అని బాధేసింది.

మార్క్ హాట్‌ఫీల్డ్ 1959 నుంచి 1967 దాకా ఒరెగాన్ గవర్నర్, ఆ తర్వాత 30 ఏళ్ళు సెనేటర్, రిపబ్లికన్. 1945లో నేవీలో ఉన్న కుర్రాడు, బాంబు పడ్డ కొన్ని వారాలకే హిరోషిమాని కళ్ళారా చూశారు, ఇక ఆ బూడిద ఆయన్ని జన్మంతా వదల్లేదు. 1966లో గవర్నర్లందరూ కూర్చుని వియత్నాం యుద్ధానికి మద్దతుగా తీర్మానం చేస్తుంటే వద్దన్నది ఆయనొక్కరే, అదీ సెనేట్‌కి పోటీ చేస్తున్న ఏడాది! అయినా గెలిచారు. 1970లో మరో సెనేటర్ మెక్‌గవర్న్‌తో కలిసి సైన్యాన్ని వెనక్కి రప్పించాలని సవరణ పెడితే 39–55తో ఓడిపోయింది. 1992లో అణు పరీక్షలు ఆపించిన చట్టం వెనక కూడా ఈయనున్నారు.

నాకు అన్నిటికన్నా నచ్చింది 1995 సంగతి. ప్రభుత్వం రాబడికి మించి ఖర్చు పెట్టకూడదనే బ్యాలెన్స్‌డ్ బడ్జెట్ రాజ్యాంగ సవరణ సెనేట్‌లో ఒక్క ఓటు దగ్గర ఆగిపోయింది, పార్టీలో మనసా వాచా ఒప్పుకోనిది ఈయనొక్కరే. మీకు అంత ఇబ్బందైతే రాజీనామా చేసి తప్పుకుంటాను, అప్పుడు మొత్తం సభ్యుల లెక్క తగ్గుతుంది కాబట్టి ఒక ఓటు తక్కువైనా పాసవుతుంది, కానీ నాకు నమ్మకం లేనిదానికి ఓటు మాత్రం వెయ్యను అని సెనేట్‌లో తన పార్టీ లీడర్ బాబ్ డోల్‌తో చెప్పారు. డోల్ రాజీనామా వద్దన్నారు. ప్రభుత్వ ఖర్చులకి డబ్బు కేటాయించే అప్రోప్రియేషన్స్ కమిటీ ఛైర్మన్ పదవి పీకెయ్యాలని సొంత పార్టీ కుర్ర సెనేటర్లు పట్టుబట్టినా అదీ జరగలేదు.

ఆయన మచ్చలేని మనిషేం కాదు, తీసుకున్న గిఫ్టులు లెక్కల్లో చూపించలేదని 1992లో సెనేట్ ఎథిక్స్ కమిటీ తప్పుబట్టింది, అది దాచాల్సిన పనిలేదు. కానీ ఏటికి ఎదురీదడంలో ఆ మనిషికి ఉన్న ధైర్యం నాకు చాలా గొప్పగా అనిపిస్తుంది.

మన దగ్గర ఏమవుతోందంటే, ఎలక్షన్లొస్తే క్యాండిడేట్లని మీటింగ్‌కి పిలుస్తాం, శాలువా కప్పుతాం, ఫోటోలు దిగుతాం, హెచ్-1బీ, గ్రీన్‌కార్డ్ క్యూ గురించి అడుగుతాం, అవి అడగాల్సినవే, మన బతుకులు వాటి మీదే ఉన్నాయి. కానీ మీ పార్టీ మొత్తం అటు నిలబడితే మీరొక్కరే ఇటు నిలబడిన రోజు ఏదైనా ఉందా అని ఎవరమూ అడగం. నా దృష్టిలో ఆ ఒక్క జవాబుతో మనిషి తెలిసిపోతాడు, మన వీసా గురించి ఇచ్చిన మాట నిలబెట్టుకుంటాడా లేదా అన్నది కూడా అందులోనే తెలుస్తుంది.

అందుకే ఈ మీటింగ్‌లు పెట్టే మన కమిటీ వాళ్ళకి నా మనవి, ఈసారి క్యాండిడేట్ వచ్చినప్పుడు ఈ ప్రశ్న లిస్టులో పెట్టండి, మైక్ నాకివ్వకపోయినా పర్లేదు, హైస్కూల్ చదివే మన పిల్లల్లో ఒకరికివ్వండి.