పోస్ట్‌కార్డంత తెర చాలన్న మనిషి

ఇండియా వెళ్ళిన ప్రతిసారీ అరుణాచలం వెళ్ళి గిరిప్రదక్షిణ చేసొచ్చే కుటుంబాలు మన అసోసియేషన్‌లో చాలానే ఉన్నాయి. అక్కడి రమణాశ్రమం దగ్గర పెరిగిన ఓ ఇంగ్లిష్ పిల్లాడే పెద్దయ్యాక, జనం విరివిగా కొన్న మొదటి పోర్టబుల్ కంప్యూటర్‌ని మార్కెట్లోకి తెచ్చాడని ఎంతమందికి తెలుసో మొన్న పాట్‌లక్‌లో అడిగి చూశాను. ఇద్దరికి తెలుసు. వాళ్ళకీ అతని పేరు ఎంబీఏ క్లాసులో ‘ఇలా మాత్రం చెయ్యకండి’ అనే పాఠంగానే గుర్తుంది. నా గొడవంతా దాని గురించే.

ఆడమ్ ఆస్బోర్న్ 1939లో బ్యాంకాక్‌లో పుట్టాడు. తండ్రి ఆర్థర్ రమణ మహర్షి భక్తుడు, ఆయన మీద పుస్తకాలు రాసినవాడు. రెండో ప్రపంచ యుద్ధంలో తండ్రి జపాన్ వాళ్ళ నిర్బంధంలో చిక్కుకుంటే, తల్లి పిల్లల్ని పెట్టుకుని తిరువణ్ణామలైలో, అంటే మన అరుణాచలంలోనే, ఉండిపోయింది. తర్వాత ఇంగ్లండు, అమెరికా, కెమికల్ ఇంజనీరింగు, ఆపైన కంప్యూటర్ పుస్తకాల ప్రచురణ. 1981 ఏప్రిల్‌లో అతని పోర్టబుల్ కంప్యూటర్ ‘ఆస్బోర్న్ 1’ వచ్చింది. డిజైన్ చేసింది లీ ఫెల్సెన్‌స్టైన్ అనే ఇంజనీరు.

మా వీధిలో ఓ రిటైర్డ్ అకౌంటెంట్ గరాజ్ ఖాళీ చేస్తూ ఆ మిషన్ నాకిచ్చాడు. చూడ్డానికి అచ్చం కుట్టుమిషన్ పెట్టె. బరువు 11 కిలోలు. మనకు అర్థమయ్యేలా చెప్పాలంటే, విమానంలో వేసే 23 కిలోల సూట్‌కేసులో సగం, పచ్చళ్ళూ పొడులూ అన్నీ కలిపి. రెండు క్లిప్పులు తీస్తే మూత ఊడి చేతికొస్తుంది, ఆ మూతే కీబోర్డు. లోపల అటూ ఇటూ రెండు ఫ్లాపీ (ఫైళ్ళు దాచుకునే పల్చటి డిస్కు) డ్రైవులు, మధ్యలో 5 అంగుళాల తెర. పోస్ట్‌కార్డు కన్నా చిన్నది. డ్రైవుల కింద ఫ్లాపీలు దాచుకోవడానికి రెండు అరలు. ఒక్కో ఫ్లాపీలో పట్టేది 100 కేబీ లోపే. బ్యాటరీ లేదు, ప్లగ్ పెట్టాల్సిందే. జడ్80 ప్రాసెసర్, 64 కేబీ మెమరీ.

తెర మీద ఒక వరుసకి 52 అక్షరాలే కనబడతాయి. అసలు వరుస మాత్రం 128 అక్షరాల దాకా ఉంటుంది. కంట్రోల్ కీ పట్టుకుని బాణం గుర్తు నొక్కితే తెర పక్కకి జరుగుతూ మిగతాది చూపిస్తుంది. పొడుగాటి ఎక్సెల్ షీట్‌ని ఫోన్లో చూసేటప్పుడు ఇప్పటికీ మనం చేస్తున్న పని అదే కదా.

నన్ను ఆకట్టుకున్నది మాత్రం ధర. 1,795 డాలర్లు. అందులోనే టైపింగ్‌కి వర్డ్‌స్టార్, లెక్కలకి సూపర్‌క్యాల్క్, ప్రోగ్రాములు రాయడానికి బేసిక్ లాంటి సాఫ్ట్‌వేర్లన్నీ కలిపి ఇచ్చేవాళ్ళు. అవన్నీ విడిగా కొంటే దాదాపు 1,500 డాలర్లయ్యే రోజులవి. అంటే పెట్టె ఇంటికి తెచ్చిన సాయంత్రమే ఉత్తరం టైప్ చేసుకోవచ్చు, పద్దులు వేసుకోవచ్చు. మా అకౌంటెంట్ చేసిందీ అదే, దాంతోనే కొన్నేళ్ళు టాక్స్ సీజన్లు లాక్కొచ్చాడట. సరిపడేంత ఉంటే చాలు, మిగతాదంతా అనవసరం అని ఆస్బోర్న్ బాహాటంగానే చెప్పేవాడు. పెద్ద తెరా, తక్కువ బరువూ వదులుకున్నాడు. ధర, సాఫ్ట్‌వేర్, విమానం సీటు కింద పట్టే సైజు వదులుకోలేదు. ఏది వదలాలో ఇంత స్పష్టంగా తేల్చుకున్న డిజైన్ నేను మళ్ళీ చూడలేదు. వారానికో కొత్త ఫీచర్ అడిగే ప్రాడక్ట్ మేనేజర్లతో ఇరవై ఏళ్ళుగా వేగుతున్నాను కాబట్టి ఈ మాట కాస్త కసిగానే రాస్తున్నాను.

ఇక ఎంబీఏ పాఠం సంగతి. కొత్త మోడల్ గురించి ముందే నోరు జారాడు, జనం పాతది కొనడం మానేశారు, 1983 సెప్టెంబరులో కంపెనీ దివాలా తీసింది. దానికి ‘ఆస్బోర్న్ ఎఫెక్ట్’ అని పేరు కూడా పెట్టేశారు. నేనైతే దీన్ని సగం కథే అంటాను. 1982లోనే కేప్రో అనే పోటీ మిషన్ 9 అంగుళాల తెరతో, వరుసకి 80 అక్షరాలతో, ఇంతకన్నా తక్కువ ధరకే వచ్చింది. ఆ వెనకే ఐబీఎం పీసీల కోసం రాసిన సాఫ్ట్‌వేర్‌ని నడిపే కాంపాక్ పోర్టబుల్. నిన్నటిదాకా సరిపోయిన తెర ఒక్కసారిగా ఇరుకైపోయింది. ఆస్బోర్న్ నోరు కట్టేసుకుని కూర్చున్నా ఆ పోటీ ఆగేది కాదు. ‘చాలు’ అనే గీత ఏడాది తిరిగేసరికి పక్కకి జరుగుతుందని అతను పట్టించుకోలేదు. తప్పంటే నా దృష్టిలో అదీ తప్పు.

చివరి రోజుల్లో అనారోగ్యంతో ఇండియాకే తిరిగొచ్చి, 2003లో కొడైకెనాల్‌లో కన్నుమూశాడు.

సంక్రాంతి సంబరాల్లో పిల్లల సెషన్‌కి ఈసారి కూడా ఏఐ మీద స్లైడ్‌షోయే పెడతారని విన్నాను. దాని బదులు ఓ టేబుల్, ఓ ఎక్స్‌టెన్షన్ కార్డ్ ఇవ్వండి. ఈ పెట్టె తెచ్చి పెడతాను. పిల్లలే క్లిప్పులు తీసి, ఫ్లాపీ పెట్టి, ఆ 52 అక్షరాల తెరలో తమ పేరు టైప్ చేసి చూసుకుంటారు. పార్కింగ్ లాట్ నుంచి హాల్ దాకా మొయ్యడానికి మాత్రం ఎవరో ఒకరు సాయం పట్టాలి.