బందిపోటు గారి క్రమశిక్షణ

క్రమశిక్షణ అంటే ఏమిటో పిల్లలకు నేర్పాలనుకునేవాళ్లు ముందు సిస్కో కిడ్ అనే బందిపోటుని వినిపించాలి. అవును, వినిపించాలనే అంటున్నాను. 1942లో అమెరికాలో మ్యూచువల్ నెట్‌వర్క్ మొదలుపెట్టిన రేడియో నాటకం ఇది. పాత రికార్డింగులు ఇప్పటికీ దొరుకుతాయి.

ఈయన వెంట షెరీఫులు, అంటే అక్కడి పోలీసు అధికారులు, పడుతుంటారు, పక్కన పాంచో అనే నేస్తం నవ్విస్తుంటాడు. ఎన్ని చట్టాలు మీరాడో గానీ, ఇచ్చిన అరగంట మాత్రం దాటిన పాపాన పోలేదు. మా ఆఫీసు మీటింగులకు అంత బుద్ధి ఏనాడూ లేదు. స్పాన్సర్ గారి బ్రెడ్ ప్రకటన రాగానే తుపాకులు మూగబోతాయి. అవతలి దొంగలు కూడా, పాపం, ప్రకటన పూర్తయ్యేదాకా పారిపోకుండా ఉన్నచోటే ఉంటారు. షెరీఫుల వల్ల కాని పని స్పాన్సర్ చేసి చూపించాడు.

ఇంకో సుగుణం, పారదర్శకత. రేడియోలో బొమ్మ ఉండదు కాబట్టి హీరో ఏం చేసినా నోటితో చెప్పాల్సిందే. ఏ బండ వెనక నక్కాడో, అవతల ఎంతమంది ఉన్నారో, ఎవడి చేతిలో తుపాకీ ఉందో పాంచోకి గొంతెత్తి వివరిస్తాడు. అంతా విన్నాక కూడా షెరీఫు పట్టుకోలేడు. చెవులు మనకేగా ఉన్నాయి!

ఇక గుర్రం. ఆ కాలపు స్టూడియోల్లో ఒకాయన రెండు కొబ్బరి చిప్పలు పట్టుకుని, పెట్టెలో పోసిన ఇసుక మీదో కంకర మీదో టకటకలాడించేవాడు. మనింట్లో పచ్చడయ్యాక పారేసే చిప్పలు అక్కడ ఎడారులు దాటాయి. గడ్డి అడగవు, లద్దె వేయవు.

ఇంత సజ్జనుడి పూర్వాశ్రమం మాత్రం అడగకండి. అడిగారు కాబట్టి చెబుతున్నాను. 1907లో అమెరికా రచయిత ఓ. హెన్రీ కథల పుస్తకంలో అచ్చయిన కిడ్, ఆరుగురిని కాస్తో కూస్తో న్యాయంగా చంపి, అంతకు రెట్టింపు మందిని హత్య చేసినవాడు. ఆ లెక్క కథ మొదట్లోనే ఉంటుంది. ప్రియురాలు టోనియా తన వేటలో ఉన్న ఒక రేంజర్‌తో, అంటే పోలీసుతో, కలిసి తనను పట్టివ్వబోతోందని చాటుగా విన్నాడు. కిడ్ ఆడవేషంలో పారిపోతాడని ఆమె పేరుతో దొంగ ఉత్తరం పంపాడు. ఆడ బట్టల్లో వచ్చిన మనిషిని రేంజర్ కాల్చేశాడు. ఆ మనిషి టోనియాయే. కిడ్ చేతికి మసి కూడా అంటలేదు.

1928 సినిమాలో కిడ్ వేషం కట్టిన వార్నర్ బాక్స్‌టర్‌కి ఉత్తమ నటుడిగా ఆస్కార్ వచ్చింది. రేడియోకి వచ్చేసరికి హంతకుడు కాస్తా పేదల పాలిటి రాబిన్‌హుడ్ అయిపోయాడు. ఊరూరా కొత్త సెన్యోరీటాలు, అంటే స్పానిష్‌లో అమ్మాయిలు, ఎదురుపడి, "ఓ, సిస్కో!" అని నిట్టూరుస్తారు. వాళ్లలో ఒక్కరైనా టోనియా ఏమైందని అడగరు. అడుగుదామన్నా టైమ్ ఎక్కడిది? ఈలోపు బ్రెడ్ ప్రకటన వచ్చేస్తుంది.