గొంతుకి తరుగుదల లేదు: సేల్స్ సిబ్బందికి ప్రకృతి వైద్యం

నెలాఖరు వారం రాగానే బెంగళూరు ఆఫీసుల్లో హెచ్చార్ వాళ్లకి ప్రకృతి మీద ప్రేమ పుట్టుకొస్తుంది. అప్పటిదాకా టార్గెట్ షీట్లు తప్ప ఇంకేమీ పంపని మెయిల్ ఐడీ నుంచి 25వ తేదీన ఆకుపచ్చ అక్షరాలతో ఒక ఉత్తరం దిగుతుంది. గోరువెచ్చటి నీళ్లు తాగండి, దీర్ఘశ్వాస తీసుకోండి, చిరునవ్వు మరవకండి. కొందరు గిట్టనివాళ్లు దీన్ని చూసి నవ్వుతారు. నవ్వకూడదు. కంపెనీ ల్యాప్‌టాప్‌కి ఏడాదికి 40 శాతం తరుగుదలని, అంటే వాడేకొద్దీ తగ్గే విలువని, ఇన్‌కమ్ టాక్స్ రూల్సే ఒప్పుకుంటాయి. ఆ ల్యాప్‌టాప్ ముందు కూర్చుని రోజంతా అరిచే గొంతుకి పైసా తరుగుదల లేదు. అంటే గొంతు అరగదని సర్కారే తేల్చేసింది. అరగని వస్తువు అరిగినట్టు కనిపిస్తే తప్పు వాడుకునేవాడిదే. అతనికి ఇవ్వాల్సింది సెలవు కాదు, ఉప్పునీళ్లు.

కాబట్టి ముందు గొంతు సంగతే చూద్దాం. హెచ్చెస్సార్ లేఅవుట్‌లో, కోరమంగలలో సేల్స్ ఫ్లోర్ ఉన్న చోటల్లా తెలుగు డెస్క్ అని ఒక వరస ఉంటుంది. అనంతపురం, కడప, చిత్తూరు నుంచి వచ్చిన పిల్లలు అక్కడ కూర్చుని కర్నూలుకీ, ఖమ్మానికీ, శ్రీకాకుళానికీ కోర్సులు, పాలసీలు, ప్లాట్లు అమ్ముతుంటారు. రోజుకి మూడు గంటల టాక్‌టైమ్ అడగడం అక్కడ మామూలే. వినడానికి మూడు గంటలే. ఫోన్ మోగే సేపు అందులో కలవదు, ఎత్తకుండా పోయినవి కలవవు, 'బండి మీద ఉన్నానమ్మా' అని ఆరు సెకన్లలో పెట్టేసినవి కలిసినా ఒరిగేది లేదు. పొద్దున పదింటికి హెడ్‌సెట్ తగిలించుకున్నవాడికి ఆ మూడు గంటలు నిండేసరికి రాత్రి ఎనిమిదవుతుంది.

ఉప్పునీళ్ల పద్ధతి ఇది. పావు లీటరు గోరువెచ్చటి నీళ్లలో అర టీస్పూను ఉప్పు కరిగించాలి. వేలు ముంచితే చురుక్కుమనకూడదు. తల వెనక్కి వాల్చి అర నిమిషం పుక్కిలించి ఉమ్మేయాలి, రోజుకి మూడు నాలుగు సార్లు. ఘాటెక్కువైతే గుణమెక్కువని రెండు స్పూన్లు వేసేవాళ్లున్నారు. వాళ్ల గొంతు ఇంకా ఎండి మంటెక్కుతుంది. అసలు పుక్కిలించిన నీళ్లు స్వరతంతువుల దాకా వెళ్లనే వెళ్లవు. తాగిన నీళ్లూ అంతే, అవి పక్కదారిన కడుపులోకి పోతాయి. తంతువులని నేరుగా తడిపేది ఆవిరి. తాగే నీళ్లు ఒంటి ద్వారానే వాటికి అందాలి, అందుకే పొద్దుటి నుంచీ కొంచెం కొంచెంగా తాగుతూ ఒళ్లంతా తడిగా ఉంచుకోవాలి. కాల్‌కి ముందు బాటిలెత్తి గటగటా దించేస్తే లాభపడేది గొంతు కాదు, బాత్రూము. దానికి వెళ్లాలంటే డయలర్‌లో, అంటే కాల్స్ కలిపే సాఫ్ట్‌వేర్‌లో, బ్రేక్ మీట నొక్కాలి. నొక్కిన మరుక్షణం నుంచీ సెకన్లు లెక్కపడతాయి.

గొంతు పోయాక గుసగుసలాడటం ఒక తప్పు. గుసగుస వల్ల గొంతుకి విశ్రాంతి అనుకుంటారు గానీ, మామూలు గొంతుతో మెల్లిగా మాట్లాడిన దానికంటే చాలామందికి అందులోనే బిగువెక్కువ. మాటమాటకీ ఖంగుమని సవరించుకోవడం ఇంకో తప్పు. తంతువులు ఒకదానికొకటి కొట్టుకుని వాస్తాయి, వాచినందుకు మళ్లీ సవరించుకోవాలనిపిస్తుంది. ఒక్క గుక్క నీళ్లు మింగితే ఆ దురద పోతుంది. అతిమధురం పుల్ల నమలడం మంచి అలవాటే గానీ రక్తపోటు ఉన్నవాళ్లు దాని జోలికి పోకూడదు. ఎక్కువ నమిలితే బీపీ పెరుగుతుంది, పొటాషియం పడిపోతుంది. సేల్స్‌లో అయిదేళ్లున్నవాళ్లకి బీపీ ఉందో లేదో ముందు చూపించుకోవాలి, పుల్ల తర్వాత. మూడు వారాలు దాటినా బొంగురు వదలకపోతే ఈఎన్‌టీ డాక్టరు దగ్గరికి వెళ్లాలి. ఈ ముక్క ఆకుపచ్చ ఉత్తరంలో ఉండదు.

ఇక గంట. సేల్ పడ్డప్పుడల్లా ఫ్లోర్ మధ్యలో ఇత్తడి గంట కొట్టి, అందరూ లేచి చప్పట్లు చరవడం ఉత్సాహానికి అని చెప్తారు. చుట్టూ రొద పెరిగితే మనిషి తనకి తెలియకుండానే గొంతు పెంచుతాడని ఫ్రెంచి వైద్యుడు ఎతియెన్ లొంబార్ 1911లోనే రాసి పెట్టాడు. ఒకడు గంట కొడితే నలభైమంది గొంతు పెంచుతారు, ఆ రొదకి పక్క వరస పెంచుతుంది. గంట కొట్టినవాడికి ఇన్సెంటివ్, మిగతావాళ్లకి ఉప్పునీళ్లు. హెడ్‌సెట్‌లో ఒక చెవి మాత్రమే కప్పేది కాకుండా రెండు చెవులూ కప్పేది అడిగి తీసుకుంటే, మైకుని పెదవికి రెండు వేళ్ల దూరంలో పెట్టుకుంటే సగం అరుపు తప్పుతుంది. అడిగితే 'స్టాకు లేదు' అంటారు. గంటకి మాత్రం ఎప్పుడూ స్టాకుంటుంది.

పసుపు పాల విషయంలో పెద్దగా వాదన లేదు. పసుపులోని కర్క్యుమిన్ ఒంటికి పట్టడం తక్కువ, చిటికెడు మిరియాల పొడి వేస్తే కాస్త పడుతుంది, రాత్రి వెచ్చగా తాగితే హాయిగా ఉంటుంది, అంతే. అమ్మకాలవాళ్ల ఆరోగ్యానికి బెంగళూరులో గట్టిగా పనికొచ్చిన పసుపు ఒకటుంది. 2025 ఆగస్టులో మొదలైన మెట్రో పసుపు లైను. ఆర్వీ రోడ్డు నుంచి సిల్క్ బోర్డు మీదుగా బొమ్మసంద్ర దాకా 19 కిలోమీటర్లు. సిల్క్ బోర్డు కూడలి ట్రాఫిక్‌లో ఇరుక్కుని పొగ పీలుస్తూ ధ్యానం చేసే అవకాశం దాంతో చాలామందికి పోయింది.

ఇప్పుడు శ్వాస. నాలుగు అంకెలు పీల్చి, నాలుగు పట్టి, నాలుగు వదిలి, మరో నాలుగు ఖాళీగా ఉండాలి. మంచి పద్ధతే. వదిలేది మెల్లిగా వదిలితే గుండె వేగం తగ్గుతుంది. ఒక చుట్టుకి 16 సెకన్లు. ఆటో డయలర్‌లో ఒక కాల్ పెట్టేశాక రెండోది తగలడానికి ఇచ్చే ర్యాప్ టైమ్ చాలాచోట్ల 10 సెకన్లు. అంటే నాలుగు పీల్చి, నాలుగు పట్టి, వదలడంలో రెండో అంకె దగ్గరుండగా చెవిలో బీప్ మోగుతుంది. మిగిలిన గాలితో 'నమస్తే సార్, రెండు నిమిషాలు మాట్లాడొచ్చా' అనాలి. అందుకే ఆ నమస్తే నిట్టూర్పులా వినిపిస్తుంది. క్వాలిటీవాళ్లు రికార్డింగ్ విని 'టోన్‌లో ఎనర్జీ లేదు' అని మార్కులు కోస్తారు. ఎనర్జీ కోసం శ్వాసాభ్యాసం చేయమని రాస్తారు.

పొద్దుటి హడిల్, అంటే పని మొదలయ్యే ముందు పెట్టే చిన్న మీటింగు, దగ్గరికి వద్దాం, ప్రేరణ పుట్టేది అక్కడే గదా. టీఎల్, అంటే టీమ్ లీడర్, ఎన్ని సేల్స్ చేస్తావని వరసగా అడుగుతాడు.

"ఈపొద్దు ఎన్నప్పా?"

"రెండు చేస్తానన్నా."

"రెండేనా? మూడనుకో. అనుకుంటే అయితాది."

అనుకోవడం దగ్గర ఆపకుండా లెక్క కూడా వేసి చూడొచ్చు. నూరు కాల్స్‌లో ఇరవై మంది ఎత్తారనుకోండి, ఐదుగురు చివరిదాకా విన్నారు, ఒకరు డెమోకి ఒప్పుకున్నారు. నాలుగు డెమోలకి ఒక సేల్. అంటే సేల్‌కి 400 కాల్స్, రెండింటికి 800. మోగడం, మాట, నోట్ రాయడం అన్నీ కలిపి కాల్‌కి నిమిషమే వేసుకున్నా 13 గంటల 20 నిమిషాలు. కర్ణాటక దుకాణాలు, వాణిజ్య సంస్థల చట్టం, 1961 ప్రకారం పని రోజుకి 9 గంటలు, ఓవర్‌టైమ్‌తో కలిపి 10. మూడు సేల్స్‌కి 20 గంటలు కావాలి. ఇంత స్పష్టమైన లెక్క ఎదురైనప్పుడు ఎవరైనా ఏం తేలుస్తారు? కుర్రాడి మైండ్‌సెట్‌లోనే లోపముందని.

చట్టం సంగతి వచ్చింది కాబట్టి ఒక మాట. నిర్వహణ బాధ్యతల్లో ఉన్నవాళ్లకి ఆ చట్టం వర్తించదు. ఇరవై రెండేళ్ల పిల్లాడి కార్డు మీద, వాడి కింద ఒక్క మనిషీ లేకపోయినా, 'ఏరియా గ్రోత్ మేనేజర్' అని అచ్చయ్యేది ఇందుకేనని కొందరి అనుమానం. చూడాల్సింది హోదా పేరు కాదు, చేసే పని అని కోర్టులు ఎన్నోసార్లు చెప్పాయి. పెళ్లి సంబంధాలవాళ్లు మాత్రం పేరే చూస్తారు, కాబట్టి కార్డు దాచుకోండి.

నూటికి ఇరవై మంది ఎత్తడం కూడా పాత రోజుల మాటే. ప్రచార కాల్స్ 140 సిరీస్ నంబర్ల నుంచి చేయాలి, బ్యాంకులు, బీమా సంస్థల సేవా కాల్స్‌కి 1600 సిరీస్ ఇచ్చారు. 140 కనిపిస్తే శ్రీకాకుళంలో ఎవరూ ఎత్తరు. అందుకని 'మీ సొంత సిమ్ నుంచి ట్రై చెయ్యండి' అని సలహా ఇస్తారు. అది వద్దు. 2025 ఫిబ్రవరిలో టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ నిబంధనలు సవరించాక, రిజిస్టర్ కాని నంబరు మీద పది రోజుల్లో ఐదు ఫిర్యాదులొస్తే చర్య మొదలవుతుంది. పోయేది మీ పేరు మీదున్న సిమ్, బ్యాంకు ఓటీపీలూ ఆధారూ దానికే ముడిపడి ఉంటాయి. ఆత్మసంరక్షణ అంటూ నిజంగా ఏదైనా ఉంటే ఇక్కడి నుంచి మొదలుపెట్టాలి. కలబంద తర్వాత రాసుకోవచ్చు.

ఎత్తినవాళ్లలో మన తెలుగువాళ్లు మొహం మీద కాదనరు. 'ఇంట్లో మాట్లాడి చెప్తాం బాబూ', 'సంక్రాంతి వెళ్లనీ', 'పంట చేతికొచ్చాక చూద్దాం'. వీటన్నింటినీ కాల్‌బ్యాక్ కింద వేస్తే పైప్‌లైన్ (రాబోయే సేల్స్ జాబితా) కళకళలాడుతుంది, టీఎల్ సంతోషిస్తాడు. నెలాఖరులో ఆ మూడొందల మందికీ మళ్లీ చేయాల్సింది మీరే. తేదీ చెప్పనివాళ్లని రెండో కాల్‌తోనే నాట్ ఇంట్రెస్టెడ్‌లో పడేయండి. రాత్రి నిద్రకి దీన్ని మించిన మూలిక లేదు. సాయంత్రం ఆరింటికి దర్శినిలో (నిలబడి తినే చిన్న హోటల్లో) తాగిన స్ట్రాంగ్ కాఫీలో సగం కెఫీన్ పదకొండింటికి ఇంకా ఒంట్లోనే తిరుగుతుంటుంది కాబట్టి నాలుగు తర్వాత బైటూ, అంటే ఒక కప్పుని ఇద్దరికి పంచి, చెప్పండి, ఖర్చూ కలిసొస్తుంది.

ఫీల్డ్ మీద తిరిగేవాళ్లది వేరే బాధ. పొద్దున మంచం దిగి మొదటి అడుగు వేయగానే మడమలో మేకు దిగినట్టుంటే, అర లీటరు బాటిల్‌ని ఫ్రిజ్‌లో గడ్డకట్టించి, గుడ్డ చుట్టి, పాదం కింద అయిదు పది నిమిషాలు దొర్లించాలి. పిక్కలు సాగదీయడం మరవకూడదు. బూట్లు సాయంత్రం పూట కొనాలి, అప్పటికి పాదం వాచి అసలు కొలత తెలుస్తుంది. ఆడపిల్లలు బయట బాత్రూములు దొరకవని నీళ్లు తాగడమే మానేస్తున్నారు, దాంతో మూత్రంలో ఇన్ఫెక్షన్లు. బీట్ ప్లాన్‌లో, అంటే ఆ రోజు తిరిగే దారి పట్టీలో, దుకాణాలతో పాటు మెట్రో స్టేషన్లు, పెట్రోలు బంకులు కూడా గుర్తు పెట్టుకోవాలి. యాప్‌లో జియో ట్యాగ్ (ఎక్కడున్నారో చూపే గుర్తు) ఎలాగూ పడుతుంది. బంకులో ఏం చేస్తున్నావని అడిగితే లీడ్ జనరేషన్, అంటే కొత్త కస్టమర్ల వేట, అనండి.

నెలాఖరు రాత్రి పిజ్జా గురించి హెచ్చరించకపోతే ఈ వ్యాసం అసంపూర్ణం. ఇన్సెంటివ్ ఇవ్వాల్సిన నెలలో పిజ్జా రాదు. 80 శాతం గేటు దాటితేనే ఇన్సెంటివ్ అని స్లాబు ఉన్నచోట 78, 79 దగ్గర ఆగిపోయేవాళ్లు ఎక్కువగా ఉన్న ఫ్లోర్‌కే డబ్బాలు వస్తాయి. బీమా అమ్మేవాళ్లు గేటు దాటినా ఆనందాన్ని కాస్త అదుపులో పెట్టుకోవాలి. పాలసీ పత్రం అందిన 30 రోజుల్లోపు కస్టమర్ దాన్ని తిప్పి పంపేయొచ్చు. పంపితే వచ్చిన ఇన్సెంటివ్ మరుసటి నెల జీతంలోంచి వెనక్కి పోతుంది. తిన్న పిజ్జా మాత్రం పోదు. దాని బదులు రాగి జావ కాచుకోండి. గ్లాసుకి రెండు చెంచాల పిండి, ముందు చన్నీళ్లలో కలపాలి, మరిగే నీళ్లలో నేరుగా వేస్తే ఉండలు కడుతుంది. మారతహళ్లి పీజీల్లో స్టవ్ ముట్టుకోనివ్వరు గాబట్టి ఇది ఊరికే తెలుసుకోవడానికి.

చివరికి వెల్‌నెస్ లీవ్. ఆకుపచ్చ ఉత్తరం అడుగున చిన్న అక్షరాల్లో ఉంటుంది. క్లోజింగ్ వారంలో చెల్లదు, నెల మొదటి వారం ప్లానింగ్ కాబట్టి చెల్లదు, ఆదివారం కస్టమర్ ఇంట్లో ఉంటాడు కాబట్టి అసలే కుదరదు. మిగిలిన రోజుల్లో దొరకాలంటే ఫారంలో కారణం గడి జాగ్రత్తగా నింపాలి. గొంతు అని రాస్తే 'కాల్స్ వద్దులే, వాట్సాప్‌లో ఫాలోఅప్ చెయ్యి' అని వస్తుంది. జ్వరం అంటే 'ఇంటి నుంచి లాగిన్ అవ్వప్పా'. నడుంనొప్పి అంటే 'నిలబడి మాట్లాడు, టోన్ బాగుంటాది'. రూట్ కెనాల్ అని రాయండి. నోరు తెరిచి పడుకోవాలి, మత్తు దిగేదాకా రెండు మూడు గంటలు పెదవి కదలదు, దీనికి ఇంతవరకూ ఏ టీఎల్ దగ్గరా జవాబు లేదు. సిట్టింగులు కూడా రెండు మూడుంటాయి. మొదటిది 20వ తేదీలోపే వేయించుకోండి.