ధర పెంచిన రోజే నోరు మూయమంటారా?

ఈ సంక్రాంతికి ఓ అగ్రహీరో సినిమా టికెట్ల కోసం బుకింగ్ యాప్ తెరిచినవారికి రేటింగ్ ఉండాల్సిన చోట అంకె కనిపించలేదు. కోర్టు ఉత్తర్వుల మేరకు రేటింగులు, రివ్యూలు నిలిపివేశామన్న ఒక్క ముక్క మాత్రమే ఉంది. అంతకు నెల ముందే, 2025 డిసెంబరులో, ఓ కన్నడ సినిమాకు బెంగళూరు కోర్టు నుంచి ఇలాంటి ఉత్తర్వే తెచ్చుకున్నారు. అక్కడ పుట్టిన ఆలోచన నెల తిరక్కుండానే మన ఊళ్లోకి వచ్చేసింది. సినిమా పెద్దలు కొందరు దీన్ని గెలుపుగా చూస్తున్నారు. ఇది ఇక్కడితో ఆగదని మా భయం. టికెట్ కొన్న మనిషి నోటికి తాళం వేసే పని ఇది. దీన్ని ఈ పత్రిక ఏమాత్రం ఒప్పుకోదు.

పండగ పూట మా డెస్కులో పనిచేసే ఒకరికి ఊరి నుంచి అమ్మ ఫోన్ చేసింది. అడిగింది రెండే ప్రశ్నలు. ‘సినిమా ఎలా ఉందిరా? పిల్లల్ని తీసుకెళ్లొచ్చా?’ రెండో ప్రశ్నకు సెన్సార్ సర్టిఫికెట్ సగం జవాబే ఇస్తుంది. 2024లో వచ్చిన కొత్త నిబంధనలతో యూఏ కింద 7, 13, 16 ఏళ్ల విభాగాలు పెట్టారు, మంచిదే. కానీ సెకండాఫ్‌లో తల నరికే సీన్ ఎంతసేపుందో, ఐటమ్ సాంగ్ ఇంటిల్లిపాదీ కూర్చుని చూసేలా ఉందో లేదో సర్టిఫికెట్ చెప్పదు. ముందురోజు చూసొచ్చిన పక్కింటావిడ చెబుతుంది. ఆవిడ నోటి మాటనే ఇప్పుడు యాప్‌లో రాస్తున్నారు, యూట్యూబ్‌లో చెబుతున్నారు. తెలుగునాట దీన్ని ‘టాక్’ అంటాం. మొదటి ఆట వదిలాక గేటు దగ్గర నిలబడి ‘ఎలా ఉంది బాసూ?’ అని అడగని ఊరుందా మనకు? ‘ఫస్టాఫ్ ఓకే, సెకండాఫ్ ల్యాగ్’ అనే మాటతో జనం సైకిల్ వెనక్కి తిప్పుకుని ఇంటికి వెళ్లిపోయిన రోజులు సినిమావాళ్లకు మాత్రం తెలియవా?

నిర్మాతల వాదన కూడా చెప్పాలి. షో పడకముందే వందల సంఖ్యలో పదికి ఒకటి రేటింగులు పడుతున్నాయని, ప్రత్యర్థి హీరోల అభిమానులు, డబ్బులకు పనిచేసే దొంగ ఖాతాలు కలిసి సినిమాను చంపేస్తున్నాయని వాళ్ల ఫిర్యాదు. ఇందులో నిజముంది. 2024లో ఓ సినిమా బృందం సైబర్ క్రైమ్ పోలీసుల దాకా వెళ్లింది కూడా. కోట్ల రూపాయల అప్పు తెచ్చి సినిమా తీసినవాళ్ల టెన్షన్ మాకు అర్థమవుతుంది.

అయితే దొంగ ఖాతా పట్టుకోవాలంటే దొంగ ఖాతానే పట్టుకోవాలి. టికెట్ కొన్నవాళ్లకే, అదీ ఆట ముగిశాకే రేటింగ్ ఇచ్చే వీలు ఉండేలా యాప్‌ను నిలదీయవచ్చు. ఆన్‌లైన్ రివ్యూలు నిజమైనవేనా అని తేల్చుకోవడానికి భారత ప్రమాణాల సంస్థ (బీఐఎస్) 2022లోనే ఐఎస్ 19000 అనే ప్రమాణం తెచ్చింది. అది స్వచ్ఛందం కాబట్టి తప్పనిసరి చేయమని సినీ పరిశ్రమ కేంద్రాన్ని అడగవచ్చు. అడిగితే ఈ పత్రిక కూడా గొంతు కలుపుతుంది. ఆ పని ఎవరూ చేయలేదు. పదిమంది దొంగల్ని సాకుగా చూపి పదివేల మంది ప్రేక్షకుల మాటను ఒక్క కలంపోటుతో కొట్టేయించారు.

అసలు విషయం ధర. ఏ రోజుల్లో ప్రేక్షకుడు మాట్లాడకూడదంటున్నారో చూడండి. విడుదలైన తొలి రోజులు. ఏ రోజుల్లో టికెట్ ధర ఆకాశాన్ని అంటుతుందో చూడండి. అవే రోజులు. 2024 డిసెంబరులో ఓ భారీ సినిమా ప్రీమియర్‌కు ఆంధ్రప్రదేశ్‌లో టికెట్ 800 రూపాయలు, దాని మీద 18 శాతం జీఎస్టీ, వెరసి 944. 2025 సెప్టెంబరులో మరో అగ్రహీరో సినిమాకు అర్ధరాత్రి దాటాక ఒంటిగంట ఆటకు పన్నుతో కలిపి 1,000 రూపాయలకు జీవో ఇచ్చారు. తర్వాత పది రోజులు సింగిల్ స్క్రీన్‌లో 125, మల్టీప్లెక్సులో 150 రూపాయలు అదనం. మల్టీప్లెక్సులో మామూలుగా 177 రూపాయలుండే టికెట్ ఆ పది రోజులూ 327 అయింది. నలుగురున్న ఇంటికి 1,308 రూపాయలు. పాప్‌కార్న్, పార్కింగ్ ఇందులో లేవు.

రోజుకూలీ మీద బతికే ఇంట్లో ఇది రెండు రోజుల సంపాదన. ఆ డబ్బు పెట్టేముందు ‘పెట్టొచ్చా?’ అని నలుగురిని అడిగి తెలుసుకునే హక్కు ఆ ఇంటి పెద్దకు ఉండాలా, వద్దా? సినిమా నచ్చకపోతే థియేటర్‌లో డబ్బు వెనక్కి ఇవ్వరు. ఓటీటీలో సిరీస్ బాగోలేకపోతే పావుగంటలో ఆపేసి ఇంకోటి పెట్టుకుంటాం, టీవీ సీరియల్ విసుగు పుడితే ఛానల్ మారుస్తాం, పోయేదేమీ లేదు. థియేటర్‌లో మాత్రం మనిషి ముందే డబ్బు కట్టి చీకట్లోకి అడుగుపెడతాడు. మిగతా అన్నిటికంటే సాటి ప్రేక్షకుడి మాట అవసరమయ్యేది ఇక్కడే. ధర రెట్టింపైన రోజుల్లో ఆ అవసరం కూడా రెట్టింపవుతుంది. సరిగ్గా ఆ రోజుల్లోనే మాట వద్దంటున్నారు.

కేరళలో మూడు రోజుల దాకా రివ్యూలు ఇవ్వకూడదని కోర్టే చెప్పిందని మన పరిశ్రమలో ఓ ప్రచారం నడుస్తోంది. అక్కడ జరిగింది వేరు. 2023లో ఓ దర్శకుడు హైకోర్టుకు వెళ్తే కోర్టు ఓ అమికస్ క్యూరీని, అంటే కోర్టుకు సలహా ఇచ్చే న్యాయవాదిని, నియమించింది. ఆయన 2024 మార్చిలో నివేదిక ఇస్తూ, వ్లాగర్లు 48 గంటలు ఆగితే మంచిదని సిఫార్సు చేశారు. సిఫార్సుకూ తీర్పుకూ తేడా లేదా? ఇక తమిళనాడులో నిర్మాతలు 2024 నవంబరులో యూట్యూబ్ ఛానళ్లను థియేటర్ ఆవరణలోకి రానివ్వొద్దని యజమానులను కోరారు, ఆపైన రివ్యూల మీద మూడు రోజుల నిషేధం కోసం మద్రాస్ హైకోర్టు తలుపు తట్టారు. సినిమా బాగోలేదని చెప్పడం కూడా భావప్రకటనా స్వేచ్ఛేనంటూ మధ్యంతర ఉత్తర్వులివ్వడానికి న్యాయమూర్తి ఒప్పుకోలేదు. మన పెద్దలు ఈ సంగతి ఎక్కడా ఎత్తరు.

ఈ ఉత్తర్వులు వచ్చే తీరు కూడా ఆందోళన కలిగిస్తోంది. ఎవరి మీద కేసో పేరు ఉండదు. ‘జాన్ డో’ అంటారు, మన కోర్టుల్లో ‘అశోక్ కుమార్’ అని కూడా అంటారు, అంటే ఊరూపేరూ తెలియని ప్రతివాది. పైరసీ దొంగను పట్టుకోవడానికి పుట్టిన పద్ధతి ఇది. వాడు ఎవరో తెలియదు కాబట్టి ముందే ఉత్తర్వు తీసుకోవడంలో అర్థముంది. సినిమా చూసి అభిప్రాయం చెప్పినవాడు పైరసీ దొంగా? 944 రూపాయలు కట్టి వచ్చిన మనిషిని, సెల్‌ఫోన్‌తో తెరను రికార్డు చేసేవాడితో ఒకే గాటన కడతారా? పైగా రేటింగ్ ఇవ్వబోయే లక్షల మందిలో ఒక్కరికీ నోటీసు అందదు. ఒక్కరి వాదనా వినరు. సినిమా విడుదలకు ముందే తీర్పు లాంటిది వచ్చేస్తుంది. జీ సంస్థ గురించి బ్లూమ్‌బర్గ్ వార్తా సంస్థ రాసిన వ్యాసం మీద నడిచిన వివాదంలో సుప్రీంకోర్టు 2024 మార్చిలో చెప్పింది దీని గురించే. విచారణ జరగకముందే ప్రచురణను ఆపేస్తే అది ఆ రచనకు మరణశిక్ష వేయడమేనని, అలాంటి ఉత్తర్వులు అరుదైన సందర్భాల్లోనే ఇవ్వాలని కింది కోర్టులను హెచ్చరించింది. ఓ పెద్ద వ్యాసానికి ఉన్న రక్షణ సామాన్యుడు రాసే రెండు ముక్కలకు ఉండదా?

కాపీరైటు చట్టంలో కూడా విమర్శకు, సమీక్షకు 52వ సెక్షన్ చోటిచ్చింది. 1957 నాటి చట్టం అది. అప్పటి పెద్దలకు యూట్యూబ్ తెలియదు గానీ, ఒక కళను జనంలోకి వదిలాక జనం దాని గురించి మాట్లాడతారని తెలుసు.

స్వేచ్ఛ గురించి అందరికంటే ఎక్కువ మాట్లాడింది ఈ సినిమావాళ్లే. ఎవరో సంఘం పేరుతో థియేటర్ ముందు ధర్నాకు దిగితే, ఎవరో నాయకుడు సీన్ తీసేయమంటే, మా హక్కు, మా సృజన అంటూ కోర్టులకు వెళ్లారు. వెళ్లడం న్యాయమే, అప్పుడు ఈ పత్రిక వాళ్ల పక్షానే నిలిచింది. 1989లో ఎస్. రంగరాజన్ కేసులో సుప్రీంకోర్టు, ఎవరో గొడవ చేస్తారన్న భయంతో సినిమాను ఆపకూడదని తేల్చి చెప్పింది. దేశంలో ప్రతి దర్శకుడూ ఆ తీర్పు నీడలోనే పనిచేస్తున్నాడు. ఆ నీడ తెర ముందు కూర్చున్నవాడి మీద పడకూడదా? భావప్రకటనా స్వేచ్ఛనిచ్చే రాజ్యాంగంలోని 19వ అధికరణం కెమెరా వెనక ఉన్నవాళ్లకే రాసిచ్చారా?

నాలుగు మంచి మాటలకు ఎలాంటి అడ్డూ లేదన్నది ఇంకా బాధ కలిగించే సంగతి. విడుదలకు ముందురోజు నుంచి ‘బ్లాక్‌బస్టర్’ అంటూ పోస్టర్లు దిగుతాయి. మొదటిరోజు వసూళ్లు ఇన్ని కోట్లని నిర్మాణ సంస్థే ప్రకటించుకుంటుంది, దాన్ని తనిఖీ చేసేవాళ్లు లేరు. డబ్బులిచ్చి చేయించుకునే పొగడ్తల వీడియోల గురించి పరిశ్రమలో తెలియనివాళ్లు లేరు. వీటిలో దేనిమీదా మూడు రోజుల నిషేధం అడగలేదు. ధర పెంచిన రోజుల్లో పొగడ్త చెల్లుతుంది, తెగడ్త చెల్లదు. ఇదేనా న్యాయం?

పెద్ద సినిమాలకు ఏదో మేలు జరుగుతుందనుకుందాం. చిన్న సినిమాల సంగతేంటి? 2023 మార్చిలో వచ్చిన ‘బలగం’కు పెద్ద హీరో లేడు, పెద్ద ఓపెనింగ్ లేదు. చూసినవాళ్లు ఏడుస్తూ బయటికొచ్చి చెప్పిన మాటే దాన్ని నిలబెట్టింది. ఊళ్లలో తెరలు కట్టి, వీధిలో చాపలు పరుచుకుని జనం చూశారు. 2024 సంక్రాంతికి ‘హనుమాన్’కు మొదట దొరికినవి కొద్దిపాటి థియేటర్లే. టాక్ బయటికొచ్చాక థియేటర్లు దాని వెంట పడ్డాయి. స్టార్ లేని సినిమా తీసేవాళ్లు ఇప్పుడు రెండు రోజుల ముందే పెయిడ్ ప్రీమియర్లు వేసి, చూడండి, బాగుంటే నలుగురికి చెప్పండి అని బతిమాలుకుంటున్నారు. నోటి మాట తప్ప వాళ్లకు ఇంకో పెట్టుబడి లేదు. రేపు యాప్‌లన్నీ గొడవెందుకని అన్ని సినిమాలకూ రేటింగ్ తీసేస్తే ముందు మునిగేది వీళ్లే. మూడో రోజుకు వాళ్ల సినిమా థియేటర్‌లో ఉంటేగా!

ఆచరణలో కూడా ఇది నిలిచేది కాదు. మన సినిమా అమెరికాలో ఒకరోజు ముందే పడుతుంది. డాలస్‌లో, న్యూజెర్సీలో మనవాళ్లు ప్రీమియర్ చూసి ఫ్యామిలీ వాట్సాప్ గ్రూపులో పెట్టే మాట ఆర్టీసీ క్రాస్‌రోడ్స్‌లో ఉదయం ఆట మొదలయ్యేలోపే వచ్చేస్తుంది. దాన్ని ఏ కోర్టు ఆపగలదు? కాబట్టి అమెరికాలో చుట్టాలున్న ఇంటికి టాక్ ముందే తెలుస్తుంది. యాప్ చూసి నిర్ణయించుకునే సామాన్యుడికి మాత్రం తెలియదు.

ఈ దారి ఒకసారి తెరుచుకుంటే అందులో సినిమాలే నడుస్తాయన్న నమ్మకం ఎవరికైనా ఉందా? రేపు హోటల్ యజమాని వస్తాడు, నా బిర్యానీ మీద రేటింగ్ ఆపండి అంటాడు. ఎల్లుండి కోచింగ్ సెంటర్, ఆ తర్వాత ప్రైవేట్ ఆసుపత్రి. అందరిదీ పెట్టుబడే, అందరికీ పోటీదారుల భయమే. సినిమాకు ఇచ్చినప్పుడు మాకెందుకు ఇవ్వరని అడిగితే కోర్టు ఏం చెబుతుంది? డబ్బు తీసుకునే ప్రతివాడూ ముందు డబ్బు, మూడు రోజుల తర్వాత మాట అంటే కొనేవాడి గతేంటి?

తెలుగులో సినిమా విమర్శకు పెద్ద చరిత్రే ఉంది. కొడవటిగంటి కుటుంబరావు లాంటివారు ఏ మొహమాటం లేకుండా సినిమాల మీద రాశారు. దానివల్ల తెలుగు సినిమా చచ్చిపోలేదు, ఇంకా బాగుపడింది. ఈరోజు రివ్యూలు రాసేవాళ్లలో, మైకు పట్టుకుని థియేటర్ల ముందు తిరిగేవాళ్లలో నోటి దురుసు ఉన్నవాళ్లు, నటీమణుల ఒంటి గురించి అసహ్యంగా మాట్లాడేవాళ్లు ఉన్నారు. వాళ్లను మేం సమర్థించం. వాళ్ల మీద పెట్టడానికి కేసులున్నాయి, సెక్షన్లున్నాయి. పెట్టండి. సినిమా బోరు కొట్టిందన్నవాడిని వాళ్లతో కలపకండి.

ఫిల్మ్ ఛాంబర్ ఇప్పటికైనా నోరు విప్పాలి. ఈ ఉత్తర్వులను తాము సమర్థిస్తున్నామా లేదా అన్నది ప్రేక్షకులకు సూటిగా చెప్పాలి. రెండు రాష్ట్ర ప్రభుత్వాలు చేయాల్సింది ఇంకా తేలిక. ధర పెంపు కోసం ఫైలు పట్టుకుని నిర్మాత సచివాలయానికి వచ్చిన రోజే ఒక హామీ రాయించుకోవాలి. ఈ సినిమా మీద ప్రేక్షకుల అభిప్రాయాన్ని ఆపడానికి ఏ కోర్టుకూ వెళ్లనని, ఇప్పటికే తెచ్చుకుని ఉంటే వెనక్కి తీసుకుంటానని. సంతకం పెట్టనివాడికి ఒక్క రూపాయి కూడా పెంచొద్దు. జనం జేబులోంచి అదనంగా తీసుకోవడానికి ప్రభుత్వం అనుమతి కావాలని వచ్చినవాళ్లు, ఆ జనం నోరు నొక్కడానికి కోర్టు గుమ్మం ఎక్కుతుంటే చూస్తూ కూర్చున్న అధికారులు, మంత్రులు కూడా దీనికి బాధ్యులే. వచ్చే పెద్ద సినిమా ఫైలు త్వరలోనే మీ బల్ల మీదకు వస్తుంది. అప్పుడు ఏం చేస్తారో చూస్తాం, రాస్తాం.