తెలిసినవాళ్లుంటేనే రీసెర్చా?

1957లో ఇంగ్లండ్‌లోని చార్న్‌వుడ్ ఫారెస్ట్‌లో రోజర్ మేసన్ అనే స్కూలు కుర్రాడు ఫ్రెండ్స్‌తో కలిసి రాళ్లు ఎక్కుతుంటే ఒక బండ మీద ఆకులాంటి అచ్చు కనపడింది. వాళ్ల నాన్నకి ట్రెవర్ ఫోర్డ్ అనే జియాలజిస్టు తెలుసు, ఆయన్ని తీసుకొచ్చి చూపించారు, అది కేంబ్రియన్ యుగం (దాదాపు 54 కోట్ల ఏళ్ల కింద మొదలైంది) కంటే ముందు కాలం నాటి జీవి అని తేలింది. అంత పాత రాళ్లలో అలాంటి ఫాసిల్స్ దొరకవనే అప్పట్లో అందరి నమ్మకం. దానికి ఆ కుర్రాడి పేరే కలిపి చార్నియా మేసొని అని పెట్టారు. కానీ అంతకు ఏడాది ముందే టీనా నీగస్ అనే అమ్మాయి అదే ఫాసిల్‌ని చూసింది, వెళ్లి టీచర్‌కి చెప్పింది కూడా, ఆ రాళ్లలో ఫాసిల్స్ ఉండవని టీచర్ కొట్టిపారేశారు. చూడటంలో ఇద్దరికీ తేడా లేదు, ఒకరి ఇంట్లో వాళ్లకి జియాలజిస్టు తెలుసు, ఇంకొకరి మాట వినేవాళ్లు లేరు, అంతే.

ఇన్నేళ్లు గడిచినా ఎర్త్ సైన్స్, ఎన్విరాన్‌మెంటల్ సైన్స్ డిగ్రీ చదివే పిల్లలకి రీసెర్చ్ అవకాశం చాలాచోట్ల ఇదే దారిలో దొరుకుతోంది. ఎవరో సీనియర్ చెప్తే తెలుస్తుంది, ఫలానా ప్రొఫెసర్‌ని అడగమంటే ధైర్యం చేసి అడుగుతారు, ఇంట్లో చదువుకున్నవాళ్లు ఉంటే ఈమెయిల్ ఎలా రాయాలో చెప్పేవాళ్లుంటారు. మిగతావాళ్లకి అసలు అలా అడగొచ్చన్న సంగతే తెలీదు. ఈ పద్ధతి మారాలి, డిగ్రీలో చేరిన ప్రతి ఒక్కరికీ కనీసం ఒక్కసారైనా నిజమైన రీసెర్చ్ పని చేతికి రావాలి, చేసిన పనికి డబ్బులూ రావాలి, ఇదీ మా అభిప్రాయం.

డిగ్రీ పిల్లలు రీసెర్చ్ ఏం చేస్తారులే అనేవాళ్లు ఒక్కసారి ల్యాబ్‌లో కూర్చుని చూడాలి. సముద్రం అడుగు నుంచి తీసిన బురదని 63 మైక్రాన్ల జల్లెడలో వేసి కడిగితే బంకమట్టి అంతా పోయి ఇసుక రేణువులంత బుల్లి పెంకులు మిగుల్తాయి, అవి ఫొరామినిఫెరా అనే ఏకకణ జీవుల పెంకులు, ల్యాబ్‌లో అందరూ ఫొరామ్స్ అనేస్తారు. వాటిని ఆరబెట్టి, నల్ల ట్రేలో చల్లి, మైక్రోస్కోప్ కింద సన్నటి బ్రష్ కొస తడిచేసి ఒక్కోదాన్నీ అంటించి తీసి గళ్ల స్లైడ్‌లో పెట్టాలి. మొదటి రోజు అన్నీ ఒకేలా కనిపిస్తాయి, మెడ పట్టేస్తుంది, విసుగొస్తుంది, కొన్ని వారాలు పోయాక పెంకు ఏ వైపు చుట్టుకుందో చూపు పడగానే తెలిసిపోతుంది, కొన్ని జాతుల్లో ఆ చుట్టు తిరిగిన వైపుని బట్టే అప్పటి నీళ్లు చల్లగా ఉన్నాయా వెచ్చగా ఉన్నాయా చెప్పొచ్చు. ఇక ఆ పెంకుల్లో ఆక్సిజన్‌లో బరువైన రకం ఆక్సిజన్-18కీ తేలికైన రకం ఆక్సిజన్-16కీ ఉన్న నిష్పత్తి కొలిస్తే వేల ఏళ్ల కిందటి సముద్రపు వేడి, నేల మీద పేరుకున్న మంచు అంచనాకొస్తాయి. ఇంత పెద్ద లెక్క మొత్తం ఆ బ్రష్ పట్టుకున్న చేతి ఓపిక మీద నిలబడి ఉంది, ఆ చేయి డిగ్రీ రెండో ఏడాదిదైతే తప్పేముంది?

వాతావరణ మార్పుల మీద పనిచేసిన అమెరికా సైంటిస్టు వాలెస్ బ్రోకర్ సంగతే చూడండి. 1952లో డిగ్రీ చదువుతూ సెలవుల్లో పని కోసమని కొలంబియా యూనివర్సిటీ వాళ్ల లామాంట్ అబ్జర్వేటరీలో రేడియోకార్బన్ ల్యాబ్‌కి (పాత వస్తువుల వయసు లెక్కేసే చోటు) వెళ్లాడు, ఇక వదల్లేదు, చదువు కూడా కొలంబియాకే మార్చుకుని జీవితమంతా అక్కడే పనిచేశాడు. 1975లో గ్లోబల్ వార్మింగ్ అన్న మాట టైటిల్‌లోనే పెట్టి పేపర్ రాసింది ఆయనే.

అసలు ఈ సైన్స్‌కి ఏళ్ల తరబడి ఆగకుండా కొలిచేవాళ్లు కావాలి. చార్లెస్ కీలింగ్ అనే సైంటిస్టు 1958లో హవాయిలోని మౌనా లోవా కొండ మీద కొలవడం మొదలుపెట్టినప్పుడు గాల్లో కార్బన్ డయాక్సైడ్ పది లక్షల భాగాల్లో 315 దగ్గర ఉండేది, ఇప్పుడు 420 దాటింది, మధ్యలో ఎవరూ కొలవకపోయి ఉంటే ఈ పెరుగుదల ఇంత కచ్చితంగా తెలిసేదే కాదు. ప్రతి డిపార్ట్‌మెంటూ దగ్గర్లో ఒక వాగునో చెరువునో ఎంచుకుని ప్రవాహం, పీహెచ్, నైట్రేట్, నీటి మురికి ప్రతి నెలా కొలిచే పనిని బ్యాచ్ నుంచి బ్యాచ్‌కి అప్పగిస్తూ పోతే పదేళ్లకి ఎవరి దగ్గరా లేని రికార్డు తయారవుతుంది. దీనికి కోట్ల పరికరాలేం అక్కర్లేదు, ఏ రోజు ఎవరు ఎలా కొలిచారో నోట్‌బుక్‌లో శుభ్రంగా రాసే అలవాటు కావాలి, నిజం చెప్పాలంటే అదే అన్నిటికంటే కష్టం.

ఇక డబ్బు విషయం, ఇక్కడ మొహమాటపడితే లాభం లేదు. సెలవుల్లో పనిచేసి ఫీజు కట్టుకునే స్టూడెంట్‌ని రెండు నెలలు ఫ్రీగా ల్యాబ్‌కి రమ్మంటే ఎలా వస్తారు? అమెరికాలోని ఎంఐటీ యూనివర్సిటీలో మార్గరెట్ మెక్‌వికర్ 1969లోనే డిగ్రీ విద్యార్థుల రీసెర్చ్ ప్రోగ్రామ్ పెట్టారు, అక్కడ చేసిన పనికి క్రెడిట్ గానీ జీతం గానీ వస్తుంది. అమెరికా నేషనల్ సైన్స్ ఫౌండేషన్ 1987లో మొదలుపెట్టిన ఆర్ఈయూ (రీసెర్చ్ ఎక్స్‌పీరియన్సెస్ ఫర్ అండర్‌గ్రాడ్యుయేట్స్) స్కీములో స్టైపెండ్ ఇచ్చి మరీ వేరే కాలేజీల పిల్లల్ని తీసుకుంటారు, రీసెర్చ్ సౌకర్యాలు లేని కాలేజీల వాళ్లు రావాలన్నదే అందులో ఒక ముఖ్య ఉద్దేశం. అంటే దారి ఎలా వేయాలో తెలియక ఆగిపోయిన పని కాదిది.

ల్యాబ్ లేని కాలేజీలు కూడా చేతులు ముడుచుకుని కూర్చోనక్కర్లేదు. ల్యాండ్‌శాట్ ఉపగ్రహ చిత్రాలు 1972 నుంచి ఉన్నాయి, 2008 నుంచి ఎవరైనా ఫ్రీగా దించుకోవచ్చు, ఒక నది గట్టు ఎటు జరిగిందో ఒక అడవి ఎంత తగ్గిందో ఒక మామూలు కంప్యూటర్ మీద లెక్కేయొచ్చు. అయితే స్క్రీన్ ఉంది కదా అని ఫీల్డ్ ట్రిప్‌లు ఎత్తేయడం మాత్రం మేము ఒప్పుకోం, మట్టి గొయ్యిలో దిగి పొరలు చేత్తో తడిమి చూసిన మనిషికీ చూడని మనిషికీ ఆ చిత్రం ఒకేలా కనపడదు. ఆ ఫీల్డ్‌కి నడవలేనివాళ్లు కూడా వచ్చేలా సైట్ ఎంచుకోవడం, అమ్మాయిలకి టాయిలెట్, ఉండటానికి సరైన చోటు ముందే చూడటం టూర్ లీడర్ దయ మీద ఉండకూడదు, ప్లాన్‌లోనే రాసి ఉండాలి.

ఇంకొకటి, అవకాశం ఇచ్చామని పేరుకి చెప్పి గాజు సీసాలు కడిగించి పంపేసే ల్యాబ్‌లూ ఉన్నాయి. సీసాలు ఎవరైనా కడగాల్సిందే, అందులో చిన్నతనం లేదు, కానీ ఆ సీసాలో నీళ్లు ఎందుకు పట్టుకొస్తున్నామో చెప్పకపోతే అది రీసెర్చ్ కాదు. ఆ ప్రాజెక్టులో స్టూడెంట్ సొంతంగా తేల్చాల్సిన చిన్న ప్రశ్న ఒకటైనా ఉండాలి, డేటాకి వాళ్ల పని నిజంగా ఉపయోగపడితే పేపర్‌లో పేరుండాలి.

అందుకే మేము డిపార్ట్‌మెంట్లని అడిగేది ఇది: వచ్చే సెమిస్టర్ మొదలయ్యే రోజే ఎన్ని సీట్లున్నాయో, ఎవరి దగ్గరో, స్టైపెండ్ ఎంతో, దేన్ని చూసి తీసుకుంటారో మొదటి ఏడాది పిల్లల నోటీసు బోర్డు మీద అతికించండి, అనుభవం అక్కర్లేదని పెద్ద అక్షరాల్లో రాయండి.