ట్రయామ్సినలోన్ ఇంజెక్షన్ గారికి ఓ వక్కపొడి భక్తుడి ఫిర్యాదు

అయ్యా,

నోరారా పలకరిద్దామంటే వక్కపొడి నమిలి నమిలి బిగుసుకుపోయిన నా నోరు 24 మిల్లీమీటర్లే తెరుచుకుంటోంది, అందుకే ఈ ఉత్తరం.

ఆరు వారాలుగా ప్రతి గురువారం మిమ్మల్ని కలుస్తున్నా. మీరూ, మీరు లోపలికి పాకేలా దారి చెయ్యడానికి మీ వెంట వచ్చే హయలురోనిడేజ్ గారూ కలిసి బుగ్గ లోపల దిగుతుంటే కుర్చీ చేతులు గట్టిగా పట్టుకుని ముక్కోటి దేవతల్నీ తలుచుకుంటున్నా. మంట తగ్గింది, అది ఒప్పుకోవాలి. చారులో మిరియం తగిలినా కళ్లనీళ్లు పెట్టుకున్నవాణ్ని, ఇప్పుడు ఆవకాయ కాస్త నంజుకోగలుగుతున్నా. మరి నోరు? ఆరు సూదులకి మూడంటే మూడు మిల్లీమీటర్లు! మామూలు మనిషికి 40 దాకా తెరుచుకుంటుందట, మూడు వేళ్లు నిలువుగా పట్టాలట. ఇదేనా మీ పనితనం?

డాక్టరమ్మని నిలదీస్తే మీ తరఫు వకీలులా మాట్లాడింది. మీలాంటి స్టిరాయిడ్ వాపునీ మంటనీ అణుస్తుందిగానీ, పదేళ్లుగా బుగ్గలో పేరుకుని తాళ్లలా బిగిసిన పీచుని మాయం చెయ్యలేదట. వక్కలోని అరికోలిన్ అనే రసాయనం ఆ పీచుని తెగ తయారు చేయిస్తుంటే, అందులోనే ఉన్న రాగి దాన్ని ఇంకా బిగించే పనిలో ఉంటుందట. "పొగాకు లేదమ్మా, ఉత్త వక్కపొడే" అన్నా. 2004లోనే ప్రపంచ ఆరోగ్య సంస్థ వాళ్ల క్యాన్సర్ పరిశోధన విభాగం పొగాకు కలవని వక్కని కూడా క్యాన్సర్ తెచ్చేవాటి మొదటి జాబితాలో చేర్చిందట. నా పాకెట్టు మీద మాత్రం పొగాకు లేదని బంగారు అక్షరాలతో ఉంది, ఎవర్ని నమ్మమంటారు?

"ఇప్పుడు మానేశారుగా?" అంది. మానేశానన్నా. సరిగ్గా అప్పుడే జేబులో పాకెట్టు గరగరమంది.

నా లెక్క వినండి. మీ మీద గౌరవంతో గురువారం అసలు ముట్టను. మిగతా ఆరు రోజులూ రోజుకి పన్నెండు, వారానికి 72 పాకెట్లు. ఆ మాత్రం దానికే చేతులెత్తేస్తే ఎలాగండీ? పైగా మీవల్ల షుగర్ పెరగొచ్చని రక్తపరీక్ష కూడా రాసింది, ఆ ఖర్చు వేరే.

ఇంట్లో పళ్ల మధ్య ఐస్‌క్రీమ్ పుల్లలు పేర్చి, ఒక్కొక్కటీ పెంచుకుంటూ నోరు సాగదీసే కసరత్తు కూడా చెప్పింది. ఆ పుల్లల కోసం మా చిన్నోడు రోజూ ఐస్‌క్రీమ్ తింటున్నాడు, నా వైద్యంతో ఇంట్లో బాగుపడింది వాడొక్కడే.

గురువారం కలుద్దాం. పాకెట్లు చప్పుడు చెయ్యకుండా ఈసారి చిన్న స్టీలు డబ్బా కొన్నా.

ఇట్లు,
ఒకటిన్నర వేలు పట్టే నోటి యజమాని