గురువుల ఎదుగుదలకు పిల్లలే అడ్డు

నేను ఉపాధ్యాయుణ్ణి కాను. ఉపాధ్యాయుడు ఎలా ఉండాలో సాధికారంగా చెప్పడానికి మన దేశంలో కావలసిన మొదటి అర్హత అదే కాబట్టి ఈ వ్యాసం రాసే హక్కు నాకు సంపూర్ణంగా ఉందని మనవి చేసుకుంటున్నాను. రెండో అర్హత, చిన్నప్పుడు బడికి వెళ్లి ఉండటం. అదీ ఉంది.

విషయం గంభీరమైనది. ప్రతి ఉపాధ్యాయుడూ ఏటా కనీసం 50 గంటలు తన వృత్తిపరమైన అభివృద్ధికి కేటాయించాలని 2020 జాతీయ విద్యా విధానం నిర్దేశించింది. ఉపాధ్యాయుల జాతీయ వృత్తి ప్రమాణాలను 2022 నాటికి జాతీయ ఉపాధ్యాయ విద్యా మండలి తయారు చేయాలనీ, వాటిని 2030లో ఒకసారి, ఆ తర్వాత పదేళ్లకోసారి సవరించుకోవాలనీ కూడా అందులోనే రాశారు. అంటే గురువు ఏటా ఎదగాలి, గురువును కొలిచే బద్ద మాత్రం పదేళ్లకోసారి ఎదిగితే చాలు. బద్ద పెద్దలది. దాన్ని తొందరపెట్టడం మర్యాద కాదు.

ఈ 50 గంటల లెక్క విని కొందరు టీచర్లు గొణుగుతున్నారు. చరిత్ర తెలియకపోవడం వల్ల వచ్చిన గొణుగుడు అది. ప్రతి ఐదేళ్ల సర్వీసుకు రెండు మూడు నెలల శిక్షణ ఉండాలని 1966లోనే కేంద్రం నియమించిన విద్యా కమిషన్, అంటే కొఠారీ కమిషన్, సిఫారసు చేసింది. దాని పక్కన పెట్టి చూస్తే ఐదేళ్లకు 250 గంటలంటే దాదాపు ఉచితం. భారతదేశ భవితవ్యం తరగతి గదుల్లో రూపుదిద్దుకుంటోందన్న ప్రసిద్ధ వాక్యం కూడా ఆ కమిషన్‌దే. శిక్షణ తరగతుల ప్రారంభోపన్యాసాల్లో దాన్ని ఇప్పటికీ భక్తిగా చదువుతారు. చదువుతున్న సమయానికి తరగతి గదుల్లో ఉండవలసిన వాళ్లందరూ ఆ హాల్లోనే కూర్చుని ఉంటారు. భవితవ్యం సాయంత్రం దాకా ఆగుతుంది. దానికి అలవాటే.

విధానంలో ఒక్క చోట నాకు కంగారు పుట్టింది. ఆ 50 గంటలూ టీచర్ల సొంత ఆసక్తిని బట్టి సాగాలట. అచ్చుతప్పేమో అనుకున్నాను. కాదు, నిజంగానే అలా రాశారు. ఉపాధ్యాయులకు ఆసక్తి అనే స్వేచ్ఛను ఇచ్చేస్తే రేపు ఏమేమి అడుగుతారో తెలియదు. అయితే యంత్రాంగం ఈ చిక్కును చాకచక్యంగా విడదీసింది. ఏ తేదీన, ఏ హాల్లో, ఏ అంశం మీద, ఏ మండలం టీచర్లకు ఆసక్తి కలగాలో ముందుగానే సర్క్యులర్ పంపుతోంది. కలగనివారి నుంచి మూడు రోజుల్లో సంజాయిషీ కోరుతోంది.

శిక్షణ ఎలా జరుగుతుందో చూడని పాఠకుల కోసం కొంచెం విపులంగా చెప్పాలి. పైన ఎక్కడో నిపుణులు కూర్చుని ఒక మాడ్యూల్, అంటే శిక్షణ పాఠం, తయారు చేస్తారు. దాన్ని రాష్ట్ర స్థాయి రిసోర్స్ పర్సన్లకు, అంటే శిక్షకులకు, నేర్పుతారు. వారు జిల్లా వారికి, జిల్లా వారు మండలం వారికి, మండలం వారు టీచర్లకు నేర్పుతారు. చెవిలో చెప్పిన మాట వరుస చివరికి చేరేసరికి ఏమవుతుందో పిల్లల ఆటల్లో మనమంతా చూసిందే. ‘పిల్లలను ప్రశ్నలు అడగనివ్వండి’ అని పైనుంచి బయలుదేరిన మాట, ‘ప్రశ్నలుంటే చివర్లో అడగండి, భోజనాలకు ఆలస్యమవుతోంది’ అన్న రూపంలో కిందికి దిగుతుంది.

ఉపన్యాస పద్ధతి ఎందుకు పనికిరాదో మూడు గంటలపాటు ఉపన్యసించిన ఒక రిసోర్స్ పర్సన్‌ను నేను కళ్లారా చూశాను. తెర మీది అక్షరాలను ఆయన చదివారు. అవే అక్షరాలు టీచర్ల చేతుల్లోని పుస్తకంలోనూ ఉన్నాయి. టీచర్లకు చదవడం వచ్చు. అయినా ఆయన చదివారు. ఇలాంటి నిబద్ధతనే ప్రమాణం అంటారు. మధ్యాహ్నం బృందాలుగా విడదీసి చార్టులు పంచారు. ఉపాధ్యాయ వికాసం వల్ల ఈ దేశంలో అన్నిటికన్నా ఎక్కువగా వికసించింది చార్టులు, స్కెచ్ పెన్నుల వ్యాపారమేనని నా గట్టి నమ్మకం. ప్రతి బృందమూ చార్టు మధ్యలో ఒక గుండ్రం గీసి, అందులో ‘విద్యార్థి’ అని రాసి, చుట్టూ బాణాలు వేసింది. శిశుకేంద్రిత విద్య అక్కడికి పూర్తయింది. చార్టు గోడకెక్కింది, ఫొటో తీశారు, ఫొటో పైకి వెళ్లింది.

అంతా సవ్యంగా సాగుతున్న వేళ వెనుక వరుసలో ఒక ఉపాధ్యాయురాలు లేచారు. “సార్, మా ఐదో తరగతిలో కొందరికి దశాల నుంచి తెచ్చుకుని తీసివేయడం రావడం లేదు. 302లోంచి 147 తీసేయమంటే మధ్యలో సున్నా దగ్గర ఆగిపోతున్నారు. ఎలా చెప్పమంటారు?” అని అడిగారు.

అప్పటిదాకా ప్రశాంతంగా ఉన్న హాలు ఒక్కసారిగా పాడైపోయింది. కునుకు తీస్తున్నవారు లేచారు. కుర్చీలు వెనక్కి తిరిగాయి. ఒకాయన పుల్లల కట్టలు విప్పించమన్నారు. ఇంకొకరు వంద నోటును పది నోట్లుగా మార్పించి, అందులో ఒక పదిని మళ్లీ రూపాయలు చేయించమన్నారు. మూల కూర్చున్న ఒక కుర్ర టీచరు, “రెండు సంఖ్యల్లోంచీ మూడు తగ్గించండి మేడమ్. 299లోంచి 144 తీసేస్తే తెచ్చుకునే పనే ఉండదు, జవాబు అదే 155 వస్తుంది” అన్నాడు. అలా చెబితే పిల్లలకు స్థానవిలువ ఎప్పటికి తెలుస్తుందని ఒక పెద్దాయన తగువు వేసుకున్నారు. చూస్తుండగానే ముప్పయ్యేళ్ల సర్వీసు, మూడేళ్ల సర్వీసు అన్న తేడా లేకుండా అందరూ తీసివేతల గురించి పోట్లాడుకోవడం మొదలుపెట్టారు. రిసోర్స్ పర్సన్ గారు సమయస్ఫూర్తితో జోక్యం చేసుకుని, నేటి అంశం ‘గణిత బోధనలో వృత్తి ప్రమాణాలు’ అనీ, తీసివేతలు ఇందులోకి రావనీ వివరించి, క్రమశిక్షణను పునరుద్ధరించారు.

ఆన్‌లైన్ శిక్షణలో ఇలాంటి ప్రమాదాలు లేవు. 2019లో మొదలైన నిష్ఠ అనే కేంద్ర ప్రభుత్వ ఉపాధ్యాయ శిక్షణ కార్యక్రమం మరుసటి ఏడాది కరోనా పుణ్యమా అని దీక్షా అనే ఆన్‌లైన్ వేదిక మీదికి ఎక్కింది. ప్రాథమిక స్థాయికి 18 మాడ్యూళ్లు. వీడియో దానంతట అది నడుస్తుంది, టీచరు తన పని తాను చూసుకుంటారు. దీన్ని బాధ్యతారాహిత్యం అనేవారికి బీఎడ్ పరిభాష తెలియదు. ఇది మిశ్రమ అభ్యసనం. చివరి ప్రశ్నల జవాబులు ముందురోజే వాట్సాప్ గ్రూపుల్లో తిరగడం సహకార అభ్యసనం. ఏదో ఒకటి నొక్కి, తప్పయితే ఇంకొకటి నొక్కడం యత్నదోష అభ్యసనం. దీనికి ఆ సిద్ధాంతం చెప్పిన మనస్తత్వవేత్త, సాక్షాత్తూ థార్న్‌డైక్ మహాశయుడి ఆశీస్సులున్నాయి. మరి ధ్రువపత్రం డౌన్‌లోడ్ కాకపోవడాన్ని ఏ అభ్యసనం అంటారో ఇంకా తేలలేదు.

ఇక బోధనేతర పనుల మీద టీచర్ల సణుగుడు. పదేళ్లకోసారి వచ్చే జనాభా లెక్కలు, విపత్తు సహాయం, ఎన్నికలు తప్ప మరే బోధనేతర పనికీ టీచర్లను వాడరాదని 2009 విద్యాహక్కు చట్టం 27వ సెక్షన్ చెబుతుంది. చట్టం అన్నది కనీస ప్రమాణం. మనం దాన్ని ఎప్పుడో దాటి ముందుకు వెళ్లాం. 2020 మే నెలలో లాక్‌డౌన్ సడలించి మద్యం దుకాణాలు తెరిచినప్పుడు విశాఖ జిల్లాలో జనాన్ని వరుసలో నిలబెట్టే బాధ్యతను టీచర్లకు అప్పగించారు. తరగతి నిర్వహణ మీద ఇంతటి క్షేత్రస్థాయి శిక్షణ ఏ మాడ్యూల్ ఇవ్వగలదు? 2024 నవంబరులో తెలంగాణలో ఇంటింటి సర్వేకు ప్రాథమిక పాఠశాలల టీచర్లను పంపి, బడులను ఒంటిపూటకు కుదించారు. సమాజంతో మమేకం కావడమనే ప్రమాణం దీంతో ఇంటి నంబర్లతో సహా నెరవేరింది. మరుగుదొడ్డి శుభ్రంగా ఉందని ఫొటో తీసి యాప్‌లో పెట్టడంలో సాంకేతికత వినియోగం, పరిసరాల పరిశీలన, ఓర్పు అనే మూడు సామర్థ్యాలు ఒకేసారి పెంపొందుతాయి. నా విన్నపం ఒక్కటే: ఈ గంటలన్నిటినీ ఆ 50లో కలపండి. అప్పుడు ప్రతి టీచరూ జూలై నాటికే ఏడాది ఎదుగుదల పూర్తి చేసుకుని, మిగతా నెలల్లో కావలసినంత పాఠం చెప్పుకోవచ్చు.

ఇంత చేస్తున్నా ఆశించిన వికాసం ఎందుకు రావడం లేదని నేను చాలాకాలం ఆలోచించాను. చివరికి తేలింది ఏమిటంటే, అసలు అవరోధం బడిలో పిల్లలు ఉండటం. శిక్షణకు బయలుదేరబోతుంటే పిల్లలు గుర్తొస్తారు. యాప్ తెరవగానే ఎవడో వచ్చి పలక చూపిస్తాడు. ఈ సమస్యకు పరిష్కారం దేశంలో ఇప్పటికే మొలకెత్తిందని చెప్పడానికి సంతోషిస్తున్నాను. దేశంలోని బడుల వివరాలు సేకరించే కేంద్రం యూడైస్ లెక్కల ప్రకారం 2024-25లో ఒక్క విద్యార్థి కూడా చేరని బడులు దాదాపు 8 వేలు, వాటిలో పనిచేస్తున్న టీచర్లు 20 వేలకు పైగా. ఆ వేల మందికి తమను తాము తీర్చిదిద్దుకోవడానికి ఏ ఆటంకమూ లేదు. ఇలాంటి బడుల సంఖ్యలో పశ్చిమ బెంగాల్ తర్వాతి స్థానం తెలంగాణదే.

ఆంధ్రప్రదేశ్ వెనకబడిందని ఎవరూ చిన్నబుచ్చుకోనక్కర లేదు. అదే లెక్కల్లో ఒకే టీచరున్న బడులు దేశంలో లక్ష దాటాయి, వాటిలో 33 లక్షలకు పైగా పిల్లలున్నారు. అలాంటి బడులు 12 వేలకు మించి ఉన్న ఆంధ్రప్రదేశ్‌దే మొదటి స్థానం. ఒక చోట పిల్లలు లేని టీచర్లు, ఒక చోట ఐదు తరగతులకు ఒక్క టీచరు. సగటు తీస్తే అంతా సమతూకంగానే ఉంటుంది, అందుకే సగటు తీస్తారు.

వృత్తి ప్రమాణాలు అక్షరాలా అమలయ్యేది ఏకోపాధ్యాయ పాఠశాలలోనే. సహోపాధ్యాయులతో చర్చించాలి అంటే ఆయన ఆయనతో చర్చిస్తాడు. సీనియర్ నుంచి మార్గదర్శనం పొందాలి అంటే ఉదయం సీనియర్‌గా ఇచ్చి, మధ్యాహ్నం జూనియర్‌గా పుచ్చుకుంటాడు. అభిప్రాయభేదాలు తక్కువ. ఆయన శిక్షణకు వెళ్లిన రోజున పక్క బడి నుంచి ఒకరిని సర్దుబాటు చేస్తారు, పక్క బడిలో పిల్లలు స్వయం అభ్యసనం చేస్తారు. ఆ విధంగా ఒక్క గురువు ఎదిగితే రెండు బడులు ప్రభావితమవుతాయి.

ఈ మధ్య ఇంకో మేలు జరిగింది. పదవీ విరమణకు ఐదేళ్లకు పైగా గడువున్న సర్వీసు టీచర్లు కూడా రెండేళ్లలో టెట్, అంటే ఉపాధ్యాయ అర్హత పరీక్ష, పాసవ్వాలని 2025 సెప్టెంబరు 1న సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. పాతికేళ్లుగా పాఠం చెబుతున్న మాస్టారు ఇప్పుడు గైడు కొని, కోచింగ్ సెంటర్‌లో ముందు బెంచీ వెతుక్కుంటున్నారు. పక్కన కూర్చున్నది ఆయన పాత విద్యార్థే. వాడూ టెట్‌కే చదువుతున్నాడు. “మాస్టారూ, పిల్లల మేధో వికాసం మీద పియాజే చెప్పిన దశలు నాకు కంఠతా వచ్చు, మీకు చెప్పనా?” అని వాడు అడుగుతున్నాడు. గురుశిష్య సంబంధం ఇంత ప్రజాస్వామికంగా ఏ యుగంలోనూ లేదు. కోచింగ్ సెంటర్‌లో గడిపిన గంటలు ఆ 50లో కలుస్తాయో లేదో మాత్రం ఎవరూ స్పష్టం చేయలేదు. ఒక వివరణ సర్క్యులర్ వస్తే బాగుండు.

చివరగా యంత్రాంగం దృష్టికి ఒక తీవ్రమైన విషయం తేవాలి. ఇందాకటి శిక్షణ హాల్లో తీసివేతల గురించి పోట్లాడుకున్నవారిలో కొందరు ఇప్పుడు ఆదివారాలు ఒకరి బడిలో ఒకరు కలుస్తున్నారని విశ్వసనీయంగా తెలిసింది. పిల్లల నోటు పుస్తకాలు తెచ్చుకుని, ఎవరు ఎక్కడ తప్పు చేశారో, ఆ తప్పు వెనుక ఏ ఆలోచన ఉందో చూస్తున్నారట. ఒకరు పాఠం చెబుతుంటే ఇంకొకరు వెనుక కూర్చుని గమనించి, ఆ తర్వాత మొహమాటం లేకుండా మాట్లాడుతున్నారట. హాజరు పట్టిక లేదు. ముఖ గుర్తింపు లేదు. టీఏ, డీఏ బిల్లులు లేవు. ధ్రువపత్రం ఊసే లేదు. అడిగితే, ఇది తమ సొంత ఆసక్తి అని విధానంలోని మాటనే తిరిగి మనకు అప్పగిస్తున్నారు.

వారి మీద వెంటనే విచారణకు ఆదేశించాలని కోరుతున్నాను. క్రమశిక్షణ చర్యలు వద్దు, వాటివల్ల సానుభూతి పెరుగుతుంది. వారు చేస్తున్నది ఏమిటో ఒక కమిటీ చేత అధ్యయనం చేయించి, ఫలితం ఉందని తేలితే దాన్ని 19వ మాడ్యూల్‌గా రూపొందించి, రాష్ట్రమంతటా తప్పనిసరి చేసి, ప్రతి ఆదివారం ఉదయం 10 గంటలలోపు ఫొటోతో సహా అప్‌లోడ్ చేయమనాలి. నెల తిరగకుండా ఆ అలవాటు దానంతట అదే పోతుంది.